ఓపెన్ విద్యా వనరులు – విశ్వవిద్యాలయాలతో మన పని: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఏ విభాగానికి వెళ్లినా ముందుగా వినబడిన మాట ఒకటే: "మా పాఠాలన్నీ ఎప్పుడో వెబ్‌సైట్‌లో పెట్టేశాం కదా, ఇంకేం చేయాలి?" పెట్టిన మాట నిజమే. తెరిచి చూస్తే పీడీఎఫ్‌లు ఉంటాయి, లైసెన్సు ఊసు మాత్రం ఎక్కడా ఉండదు. లైసెన్సు రాయకపోతే సర్వహక్కులూ హక్కుదారువే. అంటే చదువుకోవచ్చు గానీ, పక్క కాలేజీ అధ్యాపకుడు ఆ పాఠాన్ని తన సిలబస్‌కు తగ్గట్టు మార్చి ఇవ్వాలంటే మళ్లీ అనుమతి అడగాల్సిందే. అనువదించాలన్నా అంతే. ఉచితంగా దొరకడం వేరు, ఓపెన్‌గా ఉండడం వేరు. మన పని ఏడాదంతా ఈ తేడా చుట్టూనే తిరిగింది.

"ఓపెన్ విద్యా వనరులు" (ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకునేలా అనుమతి ఉన్న పాఠ్య సామగ్రి) అన్న పేరు 2002లో పారిస్‌లో జరిగిన యునెస్కో సమావేశంలో పుట్టింది. అంతకు ఏడాది ముందే అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన కోర్సుల సామగ్రిని అందరికీ అందుబాటులో పెడతామని ప్రకటించింది. 2019 నవంబరులో యునెస్కో సర్వసభ్య సమావేశం ఈ విషయమై ఒక సిఫార్సును ఆమోదించింది. శిక్షణ, విధానం, అందరికీ అందే నాణ్యత, నిలకడ, దేశాల మధ్య సహకారం అని అందులో అయిదు అంశాలున్నాయి. పాలకవర్గాలతో మాట్లాడేటప్పుడు ఈ పత్రంతో మొదలుపెట్టడం మేలు. అధ్యాపకులతో మాత్రం ఓపెన్ విద్య నిపుణుడు డేవిడ్ వైలీ చెప్పిన అయిదు అనుమతులతో మొదలుపెట్టండి: దగ్గర ఉంచుకోవడం, వాడుకోవడం, మార్చుకోవడం, వేరేవాటితో కలుపుకోవడం, నలుగురికీ పంచడం. "మీ నోట్సుతో ఎదుటివాళ్లు ఈ అయిదింటిలో ఏవి చేయగలరు?" అని అడిగితే విషయం వెంటనే బోధపడుతుంది.

కోర్సు ఎంపిక

మొదటి ఏడాదిలో ఎక్కువమంది చదివే, సిలబస్ తరచూ మారని సబ్జెక్టుతో మొదలుపెట్టాలి. కనీసం ఒక సెమిస్టరు ముందుగానే పని ప్రారంభించకపోతే తరగతులు మొదలయ్యే సమయానికి సగం పుస్తకమే చేతికొస్తుంది. అప్పుడు అధ్యాపకులు పాత పుస్తకానికే తిరిగి వెళ్లిపోతారు. మళ్లీ ఒప్పించడం మొదటిసారి కంటే కష్టం.

ముందుగా ఒక పట్టిక వేయించాం. అందులో సిలబస్ యూనిట్, దానికి సరిపోయే ఓపెన్ అధ్యాయం, దాని లైసెన్సు, అందులో లేనిదేమిటి, ఆ లోటు ఎవరు పూరిస్తారు అనే నిలువు వరుసలు ఉంటాయి. పట్టిక పూర్తయ్యాకే రాయడం మొదలుపెట్టాలి. చాలా ప్రాథమిక సబ్జెక్టుల్లో కొత్తగా రాయాల్సింది అనుకున్నదానికన్నా తక్కువే ఉంటుంది. అధ్యాయం మొత్తం తిరగరాయాలన్న ఉత్సాహాన్ని ఇక్కడే ఆపాలి.

బొమ్మల దగ్గరే అసలు చిక్కు

పాఠం అధ్యాపకులు సొంతంగా రాసిందే అయినా బొమ్మలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఉంటాయి. వృక్షశాస్త్రం నోట్సులో ఆకు అడ్డుకోత బొమ్మ ఉందనుకోండి. అది అచ్చు పుస్తకం నుంచి స్కాన్ చేసిందైతే మూడు దారులున్నాయి. ఓపెన్ లైసెన్సు ఉన్న మరో బొమ్మ పెట్టడం ఒకటి, కొత్తగా గీయించడం రెండోది, బొమ్మ తీసేసి లంకె ఇవ్వడం మూడోది. కొత్తగా గీయడమంటే పాత బొమ్మ మీద ట్రేసింగ్ కాగితం పరచడం కాదు. విషయానికి కాపీరైటు ఉండదు, గీసిన తీరుకు ఉంటుంది. నమూనా చూసి, అర్థం చేసుకుని, సొంత అమరికతో గీయాలి.

ప్రతి బొమ్మకూ ఒక వరుస చొప్పున చిట్టా పెట్టాం: పేరు, సృష్టికర్త, ఎక్కడ దొరికింది, లైసెన్సు, దాని సంచిక (వెర్షన్), మనం చేసిన మార్పు, తీసుకున్న తేదీ. తేదీతోపాటు ఆ రోజు ఆ పేజీ ఎలా ఉందో తెరచిత్రం (స్క్రీన్‌షాట్) కూడా దాచాలి. ఫొటో పెట్టినవారు తర్వాత లైసెన్సు గుర్తు మార్చేయవచ్చు. క్రియేటివ్ కామన్స్ (సీసీ – రచనను వాడుకోవడానికి అందరికీ ముందుగానే అనుమతిచ్చే) లైసెన్సు ఒకసారి ఇచ్చాక దాని కింద తీసుకున్నవారి నుంచి వెనక్కి లాక్కోలేరు. కానీ తీసుకున్న రోజు ఆ లైసెన్సే ఉందని చూపించాల్సింది మనమే.

బొమ్మ కింద రాయాల్సిన వరుస ఇలా ఉంటే చాలు: "ఆకు అడ్డుకోత, గీసినవారి పేరు, వికీమీడియా కామన్స్, సీసీ బై–ఎస్ఏ 4.0. భాగాల పేర్లు తెలుగులో రాశాం, రంగులు మార్చాం." ఇందులో బై అంటే సృష్టికర్త పేరు చెప్పాలి, ఎస్ఏ అంటే మార్చినదాన్ని అదే లైసెన్సుతో పంచాలి, 4.0 అంటే లైసెన్సు సంచిక. మూలానికీ లైసెన్సుకూ లంకెలు ఉండాలి. చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తున్నారు. మార్పు చేశామని చెప్పడం లైసెన్సు షరతుల్లో ఒకటి, మర్యాద కోసం రాసే మాట కాదు. ఒకవేళ పొరపాటు దొర్లినా, తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దితే 4.0 సంచికలో హక్కు తిరిగి దానంతటదే వస్తుంది. అందుకే ఫిర్యాదు అందుకునే ఈమెయిల్ చిరునామా ఒకటి పుస్తకం మొదటి పేజీలోనే ఉండాలి.

ఇంకో సంగతి. ఓపెన్ పుస్తకంలో ఉన్నదంతా ఓపెన్ కాదు. కొన్ని బొమ్మల కింద "అనుమతితో ముద్రించినది" అని ఉంటుంది. ఆ అనుమతి ఆ పుస్తకానికే, మనకు రాదు.

లైసెన్సులు కలపడం

బై–ఎస్ఏ పాఠాన్నీ బై–ఎన్‌సీ–ఎస్ఏ పాఠాన్నీ (ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు) ఒకే అధ్యాయంలో అల్లి కొత్త రచనగా చేయడానికి వీల్లేదు. ఫలితం తన లైసెన్సులోనే ఉండాలని రెండూ పట్టుబడతాయి. వికీపీడియా వ్యాసాలు బై–ఎస్ఏ. ఓపెన్ పాఠ్యపుస్తకాలు ప్రచురించే ఓపెన్‌స్టాక్స్ కాల్‌క్యులస్ సంపుటాలు, ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్ పాఠాలు బై–ఎన్‌సీ–ఎస్ఏ. గణిత విభాగాలు తరచూ కలపాలని చూసేది సరిగ్గా వీటినే. రెంటినీ మార్చకుండా, ఎవరి లైసెన్సు వారికి రాసి, పక్కపక్కన వేరు భాగాలుగా ఉంచితే ఇబ్బంది లేదు.

ఎన్‌డీ (మార్పులు కూడదు) అన్న షరతు ఉన్నదాన్ని మార్చి పంచే వీలు లేదు కాబట్టి దాన్ని ఓపెన్ విద్యా వనరుగా లెక్కించకూడదు. ఎన్‌సీ విషయంలో సభ్యుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. "మా శ్రమను ఎవరో అమ్ముకుంటారు" అన్న భయం సహజమే. అయితే అచ్చు వేసి ఖర్చు రాబట్టుకునే చిన్న ప్రెస్సు కూడా ఇది వ్యాపారమా కాదా అని తేల్చుకోలేక వెనకాడుతుంది. నెట్ అందని విద్యార్థికి అచ్చు ప్రతే దిక్కు. విశ్వవిద్యాలయాలు మామూలుగా సీసీ బై ఎంచుకోవాలన్నది మన సిఫార్సు.

ఫైళ్లు, అందుబాటు

పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే మార్చుకునే హక్కు కాగితం మీదే మిగులుతుంది. ఓడీటీ, మార్క్‌డౌన్, లాటెక్ వంటి, తెరిచి మార్చుకోగల మూల ఫైలు కూడా ఇవ్వాలి. బొమ్మలకు ఎస్‌వీజీ ఇస్తే అక్షరాలు మార్చుకోవడం సులువు. పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠాలు మాత్రం గట్టిగా పరీక్ష పెట్టాయి. తెర మీద చక్కగానే కనిపిస్తాయి. కాపీ చేసి అతికిస్తే సంబంధంలేని గుర్తుల వరుస వస్తుంది, ఎందుకంటే ఆ ఫాంట్లు వేరే అక్షరాల స్థానాల్లో మన అక్షరాల ఆకారాలను దాచుకున్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తులు, సున్నలు, అంకెలు ఒక్కొక్కటే కంటితో సరిచూడాలి. యాంత్రిక మార్పిడిని నమ్మి వదిలేయకూడదు.

సమీకరణాన్ని బొమ్మగా అతికిస్తే తెర చదివే సాఫ్ట్‌వేర్‌కు అది ఖాళీ. సమీకరణాలు రాసే పద్ధతులైన మ్యాథ్ ఎంఎల్‌లోనో లాటెక్‌లోనో రాయాలి. బొమ్మకు ఇచ్చే వివరణలో "పటం 3" అని రాస్తే చూపులేని విద్యార్థికి ఏమీ తెలియదు. అందులో చూడాల్సిందేమిటో రాయాలి. మామూలు సైజు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య కాంట్రాస్టు కనీసం 4.5:1 ఉండాలి.

పూర్తయిన పుస్తకాన్ని జెనోడో అనే ఆన్‌లైన్ భాండాగారంలో పెడితే ప్రతి సంచికకూ ఒక డీఓఐ (మారని గుర్తింపు సంఖ్య), అన్ని సంచికలకూ కలిపి మరొకటి వస్తాయి. సెమిస్టరు మధ్యలో పేజీలు మార్చకండి. దోషాలు చిట్టాలో రాసుకుని, సెలవుల్లో కొత్త సంచిక తీయాలి.

విధానం, విద్యార్థులు

విధాన ముసాయిదాలో మొదట తేలాల్సింది పాఠం హక్కు ఎవరిదన్నదే. అధ్యాపకులదా, సంస్థదా అన్నది ఉద్యోగ ఒప్పందాన్ని బట్టి, అక్కడి చట్టాన్ని బట్టి ఉంటుంది. హక్కు లేనివారు లైసెన్సు ఇచ్చినా అది చెల్లదు. రెండోది గుర్తింపు. పదోన్నతి లెక్కల్లో ఓపెన్ పుస్తకానికి, దాని సవరణకు, సమీక్షకు చోటు లేకపోతే మొదటి సంచికే చివరిది అవుతుంది. ఈ ఏడాది చర్చలు ఎక్కువగా ఆగిపోయింది ఇక్కడే. శిక్షణ ఇవ్వడానికి ఒప్పుకున్న సంస్థలు కూడా బోధన గంటలు తగ్గించడం అనేసరికి వాయిదా వేస్తున్నాయి. లైబ్రరీలో ఒకరికి లైసెన్సుల తనిఖీ అధికారికంగా అప్పగించిన చోట మాత్రం పని నడుస్తోంది.

విద్యార్థులతో ప్రశ్నల నిధి, ఉదాహరణలు, వికీపీడియా వ్యాసాలు రాయించడం మంచి పద్ధతి. మార్కులు వేశాక చెత్తబుట్టలో పడే అసైన్‌మెంటు తర్వాతి బ్యాచ్‌కు పాఠం అవుతుంది. అయితే విద్యార్థి రాసింది సాధారణంగా విద్యార్థిదే. సమ్మతి విడిగా, రాతపూర్వకంగా, మార్కులు ప్రకటించాక అడగాలి. పేరు వద్దన్నా, కలం పేరు కావాలన్నా ఒప్పుకోవాలి. కాదన్నవారి రచన పంచకూడదు, వారికి మార్కుల్లో తేడా రాకూడదు.

వచ్చే ఏడాది

బొమ్మల చిట్టా నమూనా, సిలబస్ పట్టిక నమూనా, విద్యార్థి సమ్మతి పత్రం మార్చుకోవడానికి వీలైన ఫైళ్లుగా సీసీ జీరో (ఏ షరతూ లేని అనుమతి) కింద ఇస్తున్నాం. వీటిని వాడిన విభాగాలు తాము చేర్చిన నిలువు వరుసలను మనకు పంపితే తర్వాతి సంచికలో కలుపుతాం. యూనికోడ్‌లోకి మార్చిన పాఠాలు సరిచూడటానికి ప్రూఫు చదవగల సభ్యులు కావాలి. ఒక్కో అధ్యాయాన్ని ఇద్దరు విడివిడిగా చదవాలి, అందులో ఒకరు ఆ సబ్జెక్టు తెలిసినవారై ఉండాలి.