వార్షిక నివేదిక: రేడియోను కంప్యూటర్‌తో కలిపిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

మన హ్యామ్ రేడియో సంఘం గత సర్వసభ్య సమావేశంలో ఎక్కువమంది అడిగింది ఒక్కటే: "రిగ్ ఉంది, ల్యాప్‌టాప్ ఉంది, రెండూ కలపడం ఎలాగో చూపించండి." రిగ్ అంటే సంకేతాలు పంపే, అందుకునే రేడియో సెట్. ఈ ఏడాది మన సంఘం పనిలో పెద్ద భాగం దాని చుట్టూనే నడిచింది. మిగతా కార్యక్రమాల సంగతి చివర్లో క్లుప్తంగా రాస్తాను. ముందు ఇది వివరంగా చెప్పాలి. వర్క్‌షాపులకు రాలేకపోయినవాళ్లు ఈ నివేదిక చూసుకుని ఇంట్లో పని మొదలుపెట్టగలగాలని కార్యవర్గం కోరిక.

మేము గమనించిందేమిటంటే, చాలామందికి చిక్కు సాఫ్ట్‌వేర్‌తో రాలేదు. అన్నీ ఒకేసారి కలపడంతో వచ్చింది. కేబుల్ పెట్టి, డ్రైవర్ ఎక్కించి, సెట్టింగులన్నీ నింపేసి, నేరుగా ప్రసారం మొదలుపెడితే, అది పనిచేయనప్పుడు తప్పు కేబుల్‌దా, పోర్టుదా, ఆడియోదా అన్నది ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా చెప్పలేరు. అందుకే వర్క్‌షాపులన్నీ ఒకే వరసలో నడిపాం: ముందు వినడం, తర్వాత కంప్యూటర్ నుంచి రిగ్‌ను నడపడం, ప్రసారం ఆఖర్న. ఒక మెట్టు పనిచేస్తోందని కళ్లారా చూశాకే రెండో మెట్టు.

వినడం

వినడానికి కావలసింది తక్కువే. రిగ్‌లోని శబ్దం కంప్యూటర్‌లోకి చేరాలి, అంతే. ఈమధ్య వచ్చిన రిగ్‌లలో చాలావాటికి సౌండ్‌కార్డ్ లోపలే ఉంటుంది కాబట్టి ఒక్క యూఎస్‌బీ కేబుల్‌తో ఆడియో, కంట్రోల్ రెండూ సాగుతాయి. పాతవాటికి బయట ఒక ఇంటర్‌ఫేస్ పెట్టాలి. నేర్చుకోవడానికి ఎఫ్‌టీ8 అనే డిజిటల్ మోడ్ (చిన్న సందేశాలను టోన్లుగా మార్చి పంపే విధానం) ఎంచుకున్నాం. బ్యాండ్ (ఫ్రీక్వెన్సీల పట్టీ) తెరుచుకుని ఉంటే, అంటే దూరపు సంకేతాలు అందుతుంటే, 14.074 మెగాహెర్ట్జ్ దగ్గర గానీ 7.074 దగ్గర గానీ ఎవరో ఒకరు దొరక్కుండా ఉండరు. 40 మీటర్లలో (7 మెగాహెర్ట్జ్ బ్యాండ్) మాట్లాడేటప్పుడు లోయర్ సైడ్‌బ్యాండ్ (క్యారియర్ ఫ్రీక్వెన్సీకి కింది పక్క) వాడడం అందరికీ అలవాటు. ఎఫ్‌టీ8కి మాత్రం ఆ బ్యాండ్‌లో కూడా అప్పర్ సైడ్‌బ్యాండే పెట్టాలి. ఈ తేడా తెలియక కొందరు కంగారుపడ్డారు. తెర మీద గీతలు స్పష్టంగా కనిపిస్తున్నా ఒక్క కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) కూడా రాదు. సైడ్‌బ్యాండ్ మార్చగానే వరసగా రావడం మొదలవుతుంది.

ఆడియో శాంప్లింగ్ 48,000 హెర్ట్జ్‌కు పెట్టుకోండి. బ్యాండ్‌లో సంకేతాలేవీ లేక ఉత్త హోరు ఉన్నప్పుడు ఎఫ్‌టీ8 నడిపే ప్రోగ్రామ్ డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో ఆడియో కొలత 30 డెసిబెల్స్ దగ్గర ఉండాలి. రిగ్‌లో నాయిస్ రిడక్షన్, నాయిస్ బ్లాంకర్ ఆపేయండి. చెవికి హాయిగా వినిపించేలా చేసే ఈ సదుపాయాలు డీకోడింగ్‌కు (సంకేతాన్ని అక్షరాలుగా మార్చడానికి) అడ్డం వస్తాయి.

గడియారం సంగతి విడిగా చెప్పాలి. ఎఫ్‌టీ8లో 15 సెకన్లకు ఒక వంతు. అందులో ప్రసారం 12.64 సెకన్లు సాగుతుంది. కంప్యూటర్ గడియారం సరైన సమయానికి సెకను లోపు తేడాలో ఉండాలి. డీకోడ్ అయిన వరసల్లో 'డీటీ' అనే నిలువు గడి ఉంటుంది. అందరి పక్కనా ఇంచుమించు ఒకే తేడా కనిపిస్తే, వాళ్లందరి గడియారాలూ తప్పినట్టు కాదు, మనదే తప్పినట్టు. ఇంటర్నెట్ లేని చోట జీపీఎస్ రిసీవర్‌తో సమయం సరిచేసుకోవచ్చని ఆరుబయట స్టేషన్ పెట్టినప్పుడు చూపించాం.

ఎఫ్‌టీ8ను 2017లో విడుదల చేసినవాళ్లు జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే. టేలర్ గారు జంటగా తిరిగే నక్షత్రాల్లో ఒకటైన పల్సర్‌ను (లయగా రేడియో సంకేతాలు వెలువరించే నక్షత్రాన్ని) కనుగొన్నందుకు రసెల్ హల్స్‌తో కలిసి 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త. అంతరిక్షం నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని హోరులోంచి వేరుచేయడంలో గడిపిన జీవితం అది. చెవికి ఏమీ వినిపించని చోట కూడా ఈ విధానం కాల్‌సైన్‌ను బయటికి తీస్తుంటే, ఆ అనుభవం ఎక్కడ అక్కరకొచ్చిందో అర్థమవుతుంది.

మన సంఘంలో ఒక పెద్దాయనకు కొన్నేళ్లుగా వినికిడి తగ్గింది. వాయిస్ మానేశారు, ఎంతో ఇష్టమైన మోర్స్ కూడా మానేశారు, సమావేశాలకు రావడం తగ్గించారు. ఈ ఏడాది ఆయన మళ్లీ రోజూ బ్యాండ్ మీద ఉంటున్నారు, తెర మీద చదువుకుంటూ. వర్క్‌షాపులు పెట్టినందుకు ఈ ఒక్క ఫలితం చాలని నా అభిప్రాయం.

రిగ్‌ను నడపడం

ఇక్కడ తొంభై పాళ్లు పోర్టు, వేగం దగ్గరే ఆగిపోతారు. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, కేబుల్ తీసి మళ్లీ పెట్టండి. ఏది మాయమై ఏది తిరిగొచ్చిందో అదే మీ పోర్టు. లినక్స్‌లో మీ యూజర్ పోర్టు వాడే అనుమతి ఉన్న 'డయలౌట్' గ్రూపులో ఉన్నారో లేదో చూడండి. రిగ్ మెనూలో ఉన్న బాడ్ రేటు (పోర్టు వేగం), సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన బాడ్ రేటు ఒకటే కావాలి. ఐకామ్ కంపెనీ రిగ్‌లకు దానికి తోడు సీఐ-వీ (కంప్యూటర్ నుంచి రిగ్‌ను నడిపే ఐకామ్ పద్ధతి) అడ్రస్ కూడా కలవాలి. ఐసీ-7300కు ఫ్యాక్టరీ నుంచి వచ్చే అడ్రస్ 94 (హెక్స్ లెక్కలో). కొన్ని చవక కేబుళ్లలో నకిలీ చిప్ ఉండడంతో డ్రైవర్ వాటిని ఒప్పుకోలేదు. వాటి మీద గంటలు గడపకుండా మంచి కేబుల్ పెట్టుకుని ముందుకు వెళ్లడం మేలు.

ఒక సీరియల్ పోర్టును ఒకసారికి ఒకే ప్రోగ్రామ్ వాడుకోగలదు. లాగింగ్ ప్రోగ్రామ్ (కాంటాక్టులు నమోదు చేసేది) తెరిచి ఉండగా ఎఫ్‌టీ8 ప్రోగ్రామ్ ఎర్రర్ చూపిస్తే కారణం చాలావరకు ఇదే. రెండూ కావాలంటే ఎఫ్‌ఎల్‌రిగ్ (రిగ్‌ను నడిపే ప్రోగ్రామ్) లాంటిదాన్ని మధ్యలో పెట్టి, మిగతావన్నీ దానితో మాట్లాడేట్టు చేయాలి.

ప్రసారం

కార్యవర్గం అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టింది ఇక్కడే. ఎఫ్‌టీ8 సంకేతం 50 హెర్ట్జ్ వెడల్పే. అందుకే వాయిస్‌తో ఒక్కరు పట్టే చోటులో డజన్లమంది సర్దుకుంటారు. ఒక్కరి ఆడియో హద్దు దాటినా అక్కడున్న అందరి పనీ చెడుతుంది. ఆ చెడగొట్టినవాళ్లకు ఆ సంగతి తెలియదు కూడా, ఎందుకంటే వాళ్లకు జవాబులు వస్తూనే ఉంటాయి. కాబట్టి మన వర్క్‌షాపులో ఎవరూ నేరుగా యాంటెన్నాలోకి మొదటి ప్రసారం చేయకూడదని నియమం పెట్టుకున్నాం. ముందు డమ్మీ లోడ్ (పవర్‌ను గాల్లోకి పోనివ్వకుండా వేడిగా మార్చేది), తక్కువ పవర్. పక్క బల్ల మీద రెండో రిసీవర్‌లో ఆ సంకేతాన్ని మరొకరు చూసి సరే అన్నాకే యాంటెన్నా. మొదట్లో ఇది ఆలస్యం అని విసుక్కున్నవాళ్లే తర్వాత కొత్తవాళ్ల దగ్గర కూర్చుని ఇదే చేయించారు.

ఆడియో స్థాయి సున్నా నుంచి మెల్లగా పెంచండి. పవర్ ఇక పెరగడం లేదనిపించిన చోట కొద్దిగా వెనక్కి తగ్గండి. చాలా రిగ్‌లలో ఏఎల్‌సీ (ఆడియో ఎక్కువైతే రిగ్ దానంతట అదే తగ్గించుకునే ఏర్పాటు) ముల్లు కదలకుండా ఉంటే మంచిది. స్పీచ్ కంప్రెసర్ ఆపేయాలి. మరో సంగతి హార్మోనిక్స్, అంటే టోన్‌కు రెండింతలు, మూడింతల ఫ్రీక్వెన్సీల్లో పుట్టే నకళ్లు. 500 హెర్ట్జ్ టోన్‌తో ప్రసారం చేస్తే, ఆడియో ఎక్కడైనా వక్రిస్తే పుట్టే 1000, 1500, 2000 హెర్ట్జ్ నకళ్లు రిగ్ ఫిల్టర్‌లోంచి హాయిగా బయటికి పోతాయి. టోన్ 1500కు పైన ఉంటే దాని రెండో హార్మోనిక్ 3000 దాటుతుంది, ఫిల్టర్ దాన్ని చాలావరకు ఆపేస్తుంది. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో 'స్ప్లిట్' సెట్టింగ్ ఉన్నది ఇందుకే. అది రిగ్ ఫ్రీక్వెన్సీని జరిపి, టోన్‌ను 1500 నుంచి 2000 మధ్య ఉంచుతుంది. దాన్ని దయచేసి ఆన్ చేసుకోండి.

వాయిస్‌లో మాటల మధ్య ట్రాన్స్‌మిటర్‌కు విరామం దొరుకుతుంది. ఇక్కడ పన్నెండు సెకన్లకు పైగా నిండు పవర్ నడుస్తుంది. 100 వాట్ల రిగ్‌ను 30, 40 వాట్ల దగ్గర ఉంచితే ఫైనల్స్ (ప్రసారపు పవర్‌ను ఇచ్చే చివరి ట్రాన్సిస్టర్లు) చల్లగా ఉంటాయి, కాంటాక్టులకూ లోటుండదు.

కంప్యూటర్‌లో రిగ్ సౌండ్‌కార్డ్‌ను డిఫాల్ట్ స్పీకర్‌గా ఉండనివ్వకండి. లేకపోతే మెయిల్ వచ్చిన గంట కూడా గాల్లోకి పోతుంది. ఆర్‌టీఎస్, డీటీఆర్ అనే సీరియల్ పోర్టు లైన్లతో పీటీటీ (ప్రసారం మొదలుపెట్టే మీట) నడిపే ఇంటర్‌ఫేస్ ఉంటే ముందు కంప్యూటర్ పూర్తిగా లేచాక రిగ్ ఆన్ చేయండి, ఎందుకంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు ఆ లైన్లు ఎగిరి రిగ్ ప్రసారంలోకి వెళ్లే ప్రమాదం ఉంది. ప్రసారం మొదలవగానే యూఎస్‌బీ తెగిపోతుంటే ఆర్‌ఎఫ్ (ప్రసారపు రేడియో శక్తి) యూఎస్‌బీ కేబుల్‌లోకి చొరబడుతోందన్నమాట. కేబుల్ రెండు చివర్లా ఫెరైట్లు (ఆర్‌ఎఫ్‌ను అడ్డుకునే అయస్కాంత పదార్థపు ముక్కలు) పెట్టండి. హమ్ (కరెంటు రొద) వినిపిస్తే ఆడియో దారిలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి.

ఒక చర్చ

కంప్యూటర్లు మాట్లాడుకుంటే అది హ్యామ్ రేడియో ఎలా అవుతుందని కొందరు సీనియర్ సభ్యులు సమావేశంలోనే అడిగారు. వాళ్ల బాధ నిజమైనదే. ఎఫ్‌టీ8లో కాల్‌సైన్, గ్రిడ్ (స్టేషన్ ఉన్న చోటి గుర్తు), సిగ్నల్ రిపోర్టు తప్ప కబుర్లకు చోటు లేదు. అందుకని ఏడాది రెండో భాగంలో ఎఫ్‌ఎల్‌డిజీ అనే ప్రోగ్రామ్‌తో పీఎస్‌కే31 (టైప్ చేసుకుంటూ మాట్లాడుకునే మోడ్) సాయంత్రాలు మొదలుపెట్టాం. బ్రిటిష్ హ్యామ్ పీటర్ మార్టినెజ్ 1998లో తెచ్చిన ఈ మోడ్ సెకనుకు 31.25 బిట్ల వేగంతో సాగుతుంది, అంటే మామూలుగా టైప్ చేసేవాళ్ల వేగం. ఎఫ్‌టీ8 కోసం కట్టిన అదే కేబుల్, అదే ఆడియో స్థాయి దీనికి పనికొచ్చాయి. ఆ సీనియర్లే ఇప్పుడు ఈ సాయంత్రాలను నడిపిస్తున్నారు, వారికి కార్యవర్గం కృతజ్ఞతలు.

మిగతా పనులు

లైసెన్సు పరీక్షకు తయారీ తరగతులు, మోర్స్ సాధన ఎప్పటిలాగే సాగాయి. లైసెన్సు ఇంకా రానివాళ్లు వర్క్‌షాపులో మొదటి రెండు మెట్లు చేశారు, ప్రసారం లైసెన్సు చేతికొచ్చాకే. సంఘం లాగ్ మొత్తం ఏడీఐఎఫ్ (లాగ్‌ను ప్రోగ్రాముల మధ్య మార్చుకునే ఫార్మాట్) ఫైల్‌లోకి మార్చాం, సమయాలన్నీ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉన్నాయి. జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో విడిగా ఇస్తాం.

వచ్చే ఏడాదికి ఒక్కో రిగ్‌కు ఒక్కో సెట్టింగుల కాగితం తయారుచేయాలని నిర్ణయించాం: పోర్టు వేగం, ఆడియో స్థాయి, డేటా మోడ్ పేరు, మెనూ నంబర్లతో సహా. మీ రిగ్ సరిగా పనిచేస్తుంటే ఆ వివరాలు రాసి పంపండి. వాడని డమ్మీ లోడ్లు, పాత ల్యాప్‌టాప్‌లు ఉంటే సంఘానికి అరువుగా ఇవ్వండి. తర్వాతి వర్క్‌షాపుకు పేరు ఇచ్చేటప్పుడు రిగ్ మోడల్, కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ రాయండి. వచ్చేటప్పుడు రిగ్ మాన్యువల్, పవర్ కేబుల్, మీ దగ్గరున్న ఇంటర్‌ఫేస్ తెచ్చుకోండి. డ్రైవర్లు ఇంటి దగ్గరే దించుకుని వస్తే సమయం కలిసొస్తుంది.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి