రాణి బొమ్మ పెట్టింది తెల్లవాళ్లు కాదు

సంపాదకులకు,

ఈ నెల మొదట్లో మీ నగర సంచికలో విశాఖ పాత ఊరు వన్‌టౌన్‌లోని విక్టోరియా రాణి బొమ్మ మీద వచ్చిన కథనం చదివాను. అప్పుడే రాద్దామనుకుని, ఇంకెవరైనా రాయకపోతారా అని ఊరుకున్నాను. ఎవరూ రాయలేదు. ‘బ్రిటిష్ ప్రభుత్వం ప్రతిష్ఠించిన విగ్రహం’ అని మీ విలేకరి రాసేస్తే విశాఖ వన్‌టౌన్‌లో ఒక్కరికీ చీమ కుట్టినట్టయినా లేదంటే, తప్పు మీ ఒక్కరిదే అనడానికీ లేదు.

ఆ బొమ్మ పెట్టింది ప్రభుత్వం కాదండీ. షేర్‌మహమ్మదుపురం జమీందారు అంకితం వెంకట జగ్గారావు గారు. 1904 మే నెలలో, మండపంతో సహా, ఊరికి కానుకగా ఇచ్చారు. విక్టోరియా కాలం చేసింది 1901 జనవరిలో. బొమ్మ లేచేనాటికి గద్దె మీద ఉన్నది ఆవిడ కొడుకు ఏడో ఎడ్వర్డు. మరి ‘రాణి గారి పర్యటనకు గుర్తుగా’ అని మీవాళ్లు ఎక్కడ పట్టుకొచ్చారో! విశాఖ మాట అటుంచండి, ఆవిడ ఈ దేశంలోనే ఎన్నడూ కాలు పెట్టలేదు. ఏ ఓడలో వచ్చిందో, ఏ రేవులో దిగిందో అది కూడా రాసి ఉంటే మేమూ తెలుసుకునేవాళ్లం. మన హార్బరు తెరిచిందే 1933లో.

చచ్చిపోయిన రాణికి జమీందారు బొమ్మ ఎందుకు పెట్టాడని అడగాలి. అసలు కథ అక్కడే ఉంది. అప్పటి మన జమీందారు దొరలకు ఇదో పోటీ. 1887లో రాణి స్వర్ణోత్సవాలకు మద్రాసులో యూనివర్సిటీ వారి సెనేట్ హౌస్ దగ్గర విక్టోరియా విగ్రహం పెట్టించింది ఎవరనుకుంటున్నారు? మన విశాఖ వాడే, గోడే నారాయణ గజపతిరావు గారు. ప్రభుభక్తి ఎంత, ఊరి మీద అభిమానం ఎంత, బిరుదుల మీద ఆశ ఎంత అన్నది ఎవరికి తోచినట్టు వాళ్లు లెక్క వేసుకోవచ్చు. ఖర్చు మాత్రం జమీందార్ల ఖజానాది. అంటే చివరికి రైతులు కట్టిన శిస్తుదే.

నేను రాణి గారి తరఫున వకాల్తా పుచ్చుకోలేదు. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి ఆవిడను చక్రవర్తినిగా చాటినప్పుడు, ఇక్కడ మద్రాసు ప్రెసిడెన్సీలో జనం గంజి నీళ్లకు లేక లక్షల్లో రాలిపోతున్నారు. బొమ్మ దగ్గర బోర్డంటూ పెడితే అదీ దాని మీద రాయాల్సిందే. కానీ మనవాళ్లకు తెలిసినవి రెండే పద్ధతులు. ఒకరు వచ్చి ‘బానిసత్వపు గుర్తు, పీకి పారేయండి’ అంటారు. ఇంకొకరు ‘వారసత్వ సంపద’ అంటూ సెల్ఫీ దిగి పోతారు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఇద్దరికీ అక్కర్లేదు.

జగ్గారావు గారి ఇంటి సంగతి చూడండి. తాతగారు (అమ్మ తండ్రి) గోడే వెంకట జగ్గారావు 1840లోనే విశాఖ డాబాగార్డెన్స్‌లో, నక్షత్రాలను పరిశీలించే సొంత వేధశాల పెట్టుకున్న మనిషి. ఆ వేధశాల చెప్పే వేళను బట్టి డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా ఎగరేస్తే, ఊరు గడియారాలు సరిచేసుకునేది. తండ్రి అంకితం వెంకట నరసింగరావు గారి పేరునే ఏవీఎన్ కాలేజీ. సీవీ రామన్ చదివింది అక్కడ. అల్లూరి సీతారామరాజు కొన్నాళ్లు చదివిందీ అక్కడే. కొడుకేమో రాణికి మండపం కట్టాడు, తండ్రి పేరున్న కాలేజీ మెట్లు ఎక్కిన కుర్రాడేమో ఆ సామ్రాజ్యం మీదే తిరగబడ్డాడు. ఇంత కథ చేతిలో పెట్టుకుని మన పిల్లలకు ‘తెల్లవాళ్లు కట్టారు’ అని చెప్పుకుంటున్నాం.

మొన్న హైదరాబాద్ నుంచి వచ్చిన మా చుట్టాలను చూపిద్దామని తీసుకెళ్లాను. కటకటాలకు ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ, ఆ నాయకుడి మీసాల పైనుంచి రాణి గారి తల మాత్రం కనబడుతోంది. ముందు బళ్లు, వెనక ఆటోలు. ‘ఎవరు పెట్టార్రా బాబూ ఇది?’ అని మా బావగారు అడిగితే, ఆటో అబ్బాయి ‘ఏటుందండీ, తెల్లోళ్లు ఎట్టేరు’ అన్నాడు. వాడిననేం లాభం? పేపర్లోనూ అదే రాశారు కదా!

తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు పెట్టండని సంబంధిత కార్యాలయానికి అర్జీ ఇచ్చాను. అది మా సెక్షన్ కాదన్నారు. ఎవరి సెక్షనో వాళ్లకూ తెలియదు. ఆన్‌లైన్‌లో పెట్టమంటే అదీ పెట్టాను. కొన్నాళ్లకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని. వెళ్లి చూస్తే కొత్త ఫ్లెక్సీ.

బీచ్ రోడ్డుకు మాత్రం దేనికీ కొదవ లేదు. అడుగుకో విగ్రహం, స్తంభానికో రంగు దీపం. మంత్రులు నడిచే దారి కదా. వన్‌టౌన్ వాళ్లం ఊరికి పాతకాపులం, మా ఇరుకు వీధుల్లోకి ఎవరొస్తారు? కురుపాం మార్కెట్ దగ్గర కారు తిప్పడమే కష్టమాయె. టౌన్ హాలు, ఘోషాసుపత్రి, పాత చర్చిలు, దర్గా కొండ, అన్నీ ఈ చుట్టుపక్కలే. ఏటా ఒకసారి టోపీలు పంచి హెరిటేజ్ నడక పెట్టి, ఫొటో తీయించుకుని, మర్నాటి నుంచి యథాప్రకారం.

అధికారులు బోర్డు పెట్టేదాకా మీరైనా జగ్గారావు గారి పేరుతో ఒక సవరణ వేయండి. తప్పు మొదటి పేజీలో వేశారు, సవరణ సినిమా ప్రకటనల కింద చిన్నక్షరాల్లో వేసినా సరే, మాకు అలవాటే.

- రిటైర్డ్ సోషల్ మాస్టారు,
వన్‌టౌన్, విశాఖపట్నం