నాట్‌ను గ్నాట్ అనకండి

సంపాదకులకు నమస్కారం.

1971 యుద్ధంలో డిసెంబరు 14న శ్రీనగర్‌ను కాపాడుతూ ప్రాణాలిచ్చిన ఫైటర్ పైలట్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ మీద, అదే తేదీన మీ పత్రికలో వ్యాసం చూసి సంతోషపడ్డాను. వైమానిక దళంలో పరమవీర చక్ర వచ్చింది ఆయన ఒక్కడికే. గుర్తుపెట్టుకుని అరపేజీ ఇచ్చారు. కానీ చదివేకొద్దీ చేతిలో టీ చల్లారిపోయింది.

ముందు ఫొటో సంగతి. ఆయన పేరు పెట్టి మీరు వేసిన విమానం సేబర్. అంటే ఆ రోజు శ్రీనగర్ మీద దాడికి వచ్చిన పాకిస్థాన్ విమానం! ముక్కు ఉండాల్సిన చోట నోరు తెరుచుకుని ఉంటే అది సేబర్. సెఖోన్ నడిపినదానికి ముక్కు సూదిగా ఉంటుంది, గాలి లోపలికి పోయే దారులు రెండు పక్కలా ఉంటాయి. చిన్నపిల్లాడికి చూపించినా తేడా చెప్పేస్తాడు.

ఇక సెఖోన్ నడిపిన ఆ విమానం పేరు. వ్యాసమంతా 'గ్నాట్' అని రాశారు. ఇంగ్లీషులో మొదట జీ ఉందిగానీ దాన్ని పలకరు. వైమానిక దళంలో మేమంతా 'నాట్' అనేవాళ్ళం. పక్కనే 'దోమ' అని అర్థం కూడా ఇచ్చారు. దోమ కాదండీ, నుసుము. సాయంత్రం పూట బండి మీద పోతుంటే కంట్లో పడేదే. ఆ పేరు దానికి సరిగ్గా సరిపోయింది. రెక్క చివర నుంచి రెక్క చివరకు 22 అడుగులు. సేబర్‌కు 37. అంత చిన్నది ఆకాశంలో ఎక్కడుందో సేబర్ పైలట్‌కు కనిపించడమే కష్టం. 1965 యుద్ధంలో మన పైలట్లు, కీలర్ అన్నదమ్ములు ట్రెవర్, డెంజిల్ ఇద్దరూ నాట్ మీదే వీరచక్రలు తెచ్చుకున్నారు. నాట్‌కు 'సేబర్ స్లేయర్' (సేబర్లను కూల్చేది) అనే పేరు ఆ యుద్ధంతోనే వచ్చింది. అదే యుద్ధంలో మన నాట్ ఒకటి పాకిస్థాన్‌లోని పస్రూర్‌లో దిగి వాళ్ళ చేతికి చిక్కింది. దాన్ని వాళ్ళు మ్యూజియంలో పెట్టుకున్నారు. ఈ ముక్క మనవాళ్ళు రాయడానికి ఇష్టపడరు.

'అత్యాధునిక యుద్ధ విమానం' అన్న మాట దగ్గర మాత్రం నవ్వొచ్చింది. నేను 1973 నుంచి నాలుగేళ్ళు నాట్ స్క్వాడ్రన్‌లో ఆర్మమెంట్ పనిలో, అంటే తుపాకులు, గుళ్ళు చూసే పనిలో ఉన్నాను. దానికి రెండు 30 మిల్లీమీటర్ల తుపాకులు, ఒక్కోదానికి 115 గుళ్ళు. బటన్ నొక్కి పట్టుకుంటే ఆరు సెకన్లలో ఖాళీ. అదీ జామ్ కాకపోతే. జామ్ కావడం దాని పాత రోగం. గుళ్ళ బెల్టు సర్దడానికి చెయ్యి పెడితే వేళ్ళ మీద చర్మం లేచిపోయేది, లోపల అంత ఇరుకు. పైలట్ తిరిగొచ్చి "గన్ ఆగిపోయింది" అంటే ఆ రాత్రి మాకు నిద్ర ఉండేది కాదు. 1955లో మొదటిసారి ఎగిరిన డిజైన్ అది. 71 నాటికి పాతదే.

ఆ పాత విమానంలోనే సెఖోన్ పైకి లేచాడు. అంతర్జాతీయ ఒప్పందం వల్ల యుద్ధం మొదలయ్యేదాకా శ్రీనగర్‌లో మన ఫైటర్లు ఉండేవి కావు. 18వ స్క్వాడ్రన్ నాట్‌లు వెళ్ళేసరికి ఆ కొండలు, ఆ చలి పైలట్లకు కొత్త. వచ్చినవి ఆరు సేబర్లు. రన్‌వే మీద బాంబులు పడుతుంటే టేకాఫ్ తీసుకున్నాడు, ఒంటరిగా తలపడి రెండింటిని దెబ్బతీశాడు, ఆఖరికి కూలిపోయాడు. శవం కూడా దొరకలేదు. ఈ భాగం మీ విలేకరి బాగానే రాశారు.

కానీ 'సోదరుడు అనే ముద్దుపేరు గల సెఖోన్' ఏమిటండీ? ఆయన ఎవరినైనా 'బ్రదర్' అని పిలిచేవాడు, అందుకని అందరూ ఆయన్నే బ్రదర్ అన్నారు. మా తెనాలి బస్టాండులో రోజుకు వందసార్లు వినపడే మాట అది, దానికి అనువాదం ఎందుకు? రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో లైసాండర్ విమానాలు నడిపిన జంబో మజుందార్ గురించి రాస్తే ఏనుగు మజుందార్ అంటారా? 1948లో లడఖ్‌లోని లేహ్‌లో మొదటి డకోటా రవాణా విమానం దించిన మెహర్ సింగ్‌ను దళమంతా 'మెహర్ బాబా' అనేది. ఆ పేర్లు పెట్టింది పక్కన పనిచేసినవాళ్ళు. వాళ్ళ నోట ఎలా పలికాయో అలాగే ఉంచండి.

మీరు వదిలేసినది ఇంకొకటుంది. సెఖోన్ తండ్రి కూడా ఎయిర్‌ఫోర్సే. వారంట్ ఆఫీసరుగా (పేరులో ఆఫీసరు ఉన్నా ఆఫీసర్ల కంటే కింది హోదా) పనిచేసి గౌరవ ఫ్లైట్ లెఫ్టినెంట్ అయిన మనిషి. అంటే ఆయన పుట్టింది ఆఫీసర్ల బంగళాలో కాదు, మాలాంటి ఎయిర్‌మన్ ఇంట్లో. మా బ్యారక్‌లో ఆయన పేరు ఎత్తితే ముందుగా చెప్పుకునే మాట ఇదే.

సవరణ వేసేటప్పుడు నాట్ ఫొటో వెయ్యండి. మీ దగ్గర లేకపోతే నా దగ్గర స్క్వాడ్రన్ గ్రూప్ ఫొటో ఉంది, బ్లాక్ అండ్ వైట్, ఎడమ మూల కొంచెం చెదలు తిన్నది. వెనకాల విమానం స్పష్టంగా కనిపిస్తుంది. మీరు తిరిగి ఇస్తామంటే పోస్టులో పంపుతాను.

ఇట్లు,
వైమానిక దళ విశ్రాంత సార్జెంట్,
తెనాలి