క్యాబిన్ చార్ట్ లేకుండా ఇకమీదట క్రూజ్ అడ్వాన్స్ తీసుకోం

నమస్కారం. ఇంటిల్లిపాదీ కలిసి క్రూజ్‌కి వెళ్ళే మా తిరుపతి, చిత్తూరు కస్టమర్లకి ఒక మార్పు చెప్పాలి. మూడు క్యాబిన్లుగానీ అంతకంటే ఎక్కువగానీ బుక్ చేసే కుటుంబాల దగ్గర ఇకమీదట క్యాబిన్ చార్ట్, అంటే ఎవరు ఏ గదిలో ఉంటారో రాసిన పట్టిక, పూర్తి కాకుండా అడ్వాన్స్ తీసుకోం. చెన్నై నుంచి సీజన్‌లో వెళ్ళే ఓడకైనా, సింగపూర్ నుంచి ఎక్కే ఓడకైనా ఇదే పద్ధతి.

"ముందు రేటు చెప్పండి, ఎవరెక్కడ పడుకోవాలో ఎక్కినాక చూసుకుంటాం" అని అడిగేవాళ్ళే ఎక్కువ. కానీ ఎవరు ఏ గదిలో అన్నది తేలితేనే రేటు తేలుతుంది. చార్ట్ లేకుండా చెప్పే రేటు ఉత్త అంచనా. దాన్ని పట్టుకుని ఇంకో ఏజెంటు రేటుతో పోల్చితే ఏది తక్కువో ఎప్పటికీ తెలియదు.

కొండ మీద ఇద్దరి గది దొరికితే చాపలు పరుచుకుని ఆరుగురం సర్దుకుంటాం. ఓడలో ఆ పప్పులుడకవు. ప్రతి క్యాబిన్‌కీ ఇంతమందే అని లెక్క ఉంటుంది. చంకలో ఉన్న పసిబిడ్డ కూడా ఆ లెక్కలో ఒక మనిషే. దాని మీద లైఫ్‌బోట్ల లెక్క ఇంకొకటి. ఓడలో ఒక్కో భాగంలోని వాళ్ళకి ఒక్కో మస్టర్ స్టేషన్ ఇస్తారు, అంటే ప్రమాదం వస్తే గుమిగూడాల్సిన చోటు. అక్కడ ఎంతమందికి వీలుందో అంతవరకే ఆ భాగంలో మనుషుల్ని ఎక్కిస్తారు. ఆ సంఖ్య నిండితే, నలుగురి క్యాబిన్ ఖాళీగా కనిపిస్తున్నా మూడో పేరు, నాలుగో పేరు సిస్టమ్ తీసుకోదు. "గది ఖాళీగానే ఉంది గదా, మా బామ్మర్దిని కూడా వేసేయండి" అంటే మేం ఏమీ చేయలేకపోయేది ఇందుకే. నలుగురు పట్టే క్యాబిన్లు ఏ ఓడలోనైనా తక్కువే. స్కూలు సెలవుల తేదీలకి ముందుగా అయిపోయేవీ అవే.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. అవ్వ, తాత. పెద్దకొడుకు, కోడలు, 19 ఏళ్ళ కూతురు, 15 ఏళ్ళ కొడుకు. చిన్నకొడుకు, కోడలు, 9, 6 ఏళ్ళ పిల్లకాయలు ఇద్దరు. కూతురు, అల్లుడు, 10 నెలల బిడ్డ. ఒంటరిగా ఉండే మేనత్త. మొత్తం 14 మంది. చాలా లైన్లలో, అంటే ఓడలు నడిపే కంపెనీల్లో, ప్రతి క్యాబిన్‌లో మొదటి ఇద్దరికీ పూర్తి ఛార్జీ, మూడో మనిషికీ నాలుగో మనిషికీ తక్కువ. ఏడు క్యాబిన్లలో ఇద్దరిద్దర్ని వేస్తే 14 పూర్తి ఛార్జీలు. ఐదు క్యాబిన్లయితే 10 పూర్తి, 4 తక్కువ. నలుగురేసి మూడు క్యాబిన్లు, ఇద్దరితో ఒకటి వేస్తే 8 పూర్తి, 6 తక్కువ. పోర్ట్ టాక్సులు ఎన్ని క్యాబిన్లయినా తలకింతే. టిప్స్ కూడా అంతే, కాకపోతే కొన్ని లైన్లు బాగా చిన్నబిడ్డల్ని వదిలేస్తాయి. క్యాబిన్లు పెరిగితే మా కమీషన్ పెరుగుతుంది, దాచేదేం లేదు. అందుకే మూడు లెక్కలూ పక్కపక్కన రాసి మీ చేతికిస్తాం.

పై కుటుంబానికి మేం చెప్పేది ఐదు క్యాబిన్లు. అవ్వాతాతలకి ఒకటి. మేనత్తకీ 19 ఏళ్ళ అమ్మాయికీ ఒకటి. పెద్దకొడుకు, కోడలు, 15 ఏళ్ళ అబ్బాయికి సోఫా బెడ్ ఉన్నది. చిన్నకొడుకు కుటుంబానికి పైనుంచి దిగే పుల్‌మ్యాన్ బెర్తులు రెండున్న నలుగురి గది. కూతురు, అల్లుడు, బిడ్డకి ముగ్గురు పట్టే గది, అందులో బిడ్డకి తొట్టిమంచం. తొట్టిమంచమే గదా అని ఇద్దరి గది తీసుకుంటే బిడ్డ పేరు ఎక్కదు. నాలుగు క్యాబిన్ల లెక్క చవకే, నిజమే. కానీ అందులో మేనత్తో మరొకరో ఇంకో కుటుంబం గదిలో నిచ్చెనెక్కి పడుకోవాలి, నలుగురికీ బాత్రూం ఒక్కటే. రెండు రాత్రుల ప్రయాణానికైతే సర్దుకోవచ్చు. ఐదు రాత్రులకి మేం వద్దనే చెప్తాం.

బిడ్డ వయసు ఓడ ఎక్కే రోజుకి చూస్తారు. చాలా లైన్లలో 6 నెలలు నిండాలి. నడిసముద్రంలో రోజులు ఎక్కువగా ఉండే పొడవైన ప్రయాణాలకి 12 నెలలు. గర్భిణులయితే ప్రయాణం పూర్తయ్యేలోపు 24వ వారంలోకి అడుగుపెట్టకూడదు. ఈ రెండూ చివర్లో బయటపడితే డబ్బు తిరిగి రావడం కష్టం.

పెద్దవాళ్ళ గది విషయంలో మేం మొండిగా ఉంటాం. ఊపు తక్కువగా తెలిసేది ఓడ మధ్యభాగంలో, కింది డెక్కుల్లో, అంటే కింది అంతస్తుల్లో. పైన బాల్కనీ గది ముచ్చటగా ఉంటుంది గానీ, అవ్వకి తల తిరిగితే ఆ బాల్కనీ తలుపు మూసే ఉంటుంది. లిఫ్ట్‌కి దగ్గరగా ఉండాలి గానీ సరిగ్గా ఎదురుగా వద్దు, మూడు నాలుగు గదులు అవతల తీసుకుంటే రాత్రి అలికిడి ఉండదు. ఈత కొలను డెక్‌కి సరిగ్గా కిందున్న గదుల్లో తెల్లారకముందే కుర్చీలు లాగే చప్పుడు. థియేటర్ పైన, కింద అర్ధరాత్రి దాకా సంగీతం. పైనా కిందా కూడా క్యాబిన్లే ఉన్న డెక్ మేలు, డెక్ ప్లాన్లు మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. కిటికీలేని ఇన్‌సైడ్ గది రాత్రి కటిక చీకటి. బ్యాటరీతో వెలిగే చిన్న దీపం ఒకటి సంచిలో వేసుకోండి. బాత్రూం గడప ఎత్తుగా ఉంటుంది, తాతకి ముందే చెప్పి ఉంచండి. బకెట్, చెంబు ఉండవు, షవరే.

వీల్‌చెయిర్ వాడేవాళ్ళుంటే మొదటి మాటలోనే చెప్పండి. మామూలు క్యాబిన్ తలుపు చాలా ఓడల్లో 23 అంగుళాల వెడల్పే ఉంటుంది, తెరిచిన కుర్చీ అందులో పట్టదు. దారిలో కుర్చీ వదిలేయడానికి ఒప్పుకోరు. వెడల్పు తలుపు, గడపలేని బాత్రూం ఉన్న గదులు ఓడకి కొన్నే ఉంటాయి. అవసరం ఉన్నవాళ్ళకే ఫారం నింపించుకుని ఇస్తారు.

మంచాల సంగతి. చాలా క్యాబిన్లలో ఉండేది రెండు సింగిల్ మంచాలు కలిపిన డబుల్. మేనత్తా మేనకోడలూ ఉండే గదికి "విడదీసి వేయండి" అని బుకింగ్‌లోనే రాయిస్తాం. మరిచిపోయినా గది చూసుకునే స్టీవార్డ్‌కి చెప్తే సాయంత్రానికి విడదీస్తారు. మా ఫారంలో గురక గడి ఒకటుంది. నవ్వుకోండి గానీ నింపండి, ఎవరితో ఎవర్ని వేయాలో సగం అక్కడే తేలుతుంది.

"అందరికీ వరుస నంబర్లు ఇప్పించండి" అంటారు. వరుస నంబర్లంటే పక్కపక్క గదులని కాదు. చాలా ఓడల్లో సరి సంఖ్యలు ఒకవైపు, బేసి సంఖ్యలు ఇంకోవైపు. 8234 పక్కది 8236. 8235 కోసం ఓడ అడ్డంగా దాటి వెళ్ళాల్సి రావచ్చు. లోపలి తలుపుతో కలిసిన కనెక్టింగ్ గదులు వేరు, ఊరికే పక్కపక్కనున్న గదులు వేరు. పిల్లకాయలున్నవాళ్ళకి కనెక్టింగ్ బాగు. ఆ తలుపు సందుల్లోంచి మాటలు వినబడతాయి కాబట్టి అవతలివైపు బయటివాళ్ళు ఉండే పనైతే తీసుకోకండి.

గ్యారంటీ క్యాబిన్లు ఇకమీదట కుటుంబాలకి అమ్మం. గ్యారంటీ అన్న పేరు చూసి మోసపోవద్దు. మీకు దక్కేది క్యాబిన్ రకం ఒక్కటే. నంబరు లైన్ ఇష్టం, అదీ కొన్నిసార్లు బయలుదేరే ముందే తెలుస్తుంది. ఇద్దరే వెళ్తే చవక బేరం. ఐదు క్యాబిన్ల కుటుంబాన్ని ఐదు డెక్కుల మీదకి చెల్లాచెదురు చేసేదీ అదే. ఉచిత అప్‌గ్రేడ్ కూడా ఇలాంటిదే. అల్లుడి గది ఒక్కటి మంచి రకానికి మారి ఓడ ఆ చివరికి పోతుంది. మీరు వద్దనకపోతే మేం ప్రతి క్యాబిన్‌కీ "అప్‌గ్రేడ్ వద్దు" అని నమోదు చేయిస్తాం. అప్‌గ్రేడ్ కోసం వేలం పాడమని లైన్ నుంచి మెయిల్ వస్తే, ఇంట్లో ఎవరూ ఒంటరిగా పాడకండి.

కాగితం మీద ఉన్న గది ఒకటి, నిజంగా పడుకునే గది ఇంకొకటి కావచ్చు. దీని అవసరం ఎక్కువగా మందు ప్యాకేజీ దగ్గర వస్తుంది, అంటే మద్యానికి ముందే డబ్బు కట్టేసే ఏర్పాటు. చాలా లైన్లలో ఒక క్యాబిన్‌లో ఒక పెద్దమనిషి ఆ ప్యాకేజీ కొంటే ఆ గదిలోని పెద్దలందరూ కొనాల్సిందే. తాగేది పెద్దకొడుకూ అల్లుడూ అయితే, గుక్కెడు కూడా ముట్టని భార్యలిద్దరికీ డబ్బు కట్టాలి. తాగే ఇద్దర్నీ కాగితం మీద ఒకే గదిలో రాస్తే ఆ ఖర్చు తప్పుతుంది. కానీ తిరకాసు ఉంది. మస్టర్ స్టేషన్ కాగితం మీది గదిని బట్టే. 2012లో కోస్టా కాంకోర్డియా ప్రమాదం తర్వాత నిబంధన మార్చారు. 2015 జనవరి నుంచి, కొత్తగా ఎక్కినవాళ్ళందరికీ ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే, మస్టర్ డ్రిల్ చేయించాలి, అంటే ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పే అభ్యాసం. భార్యాభర్తల గదులు దూరంగా రాస్తే వాళ్ళ స్టేషన్లు వేరైపోతాయి. అందుకే పక్కపక్క గదులైతేనే ఇలా రాస్తాం, బిడ్డని మాత్రం తల్లి గదిలోంచి కదపం. ఎక్కినాక రిసెప్షన్‌లో చెప్పి రెండో గది కార్డు అడిగి తీసుకోండి.

రద్దయితే ఏమవుతుందో ఇప్పుడే తెలుసుకోండి, మా దగ్గర గొడవలన్నీ ఇక్కడే. మేనత్త రానంటే మిగిలిన 19 ఏళ్ళ అమ్మాయి ఒంటరిదవుతుంది. ఒక్కరే ఉండే గదికి చాలాసార్లు దాదాపు ఇద్దరి ఛార్జీ పడుతుంది. పైగా కొన్ని ప్రయాణాల్లో ప్రతి క్యాబిన్‌కీ 21 ఏళ్ళు నిండిన మనిషి ఒకరుండాలి, కొన్నింటికి 18 చాలు. అది లైన్‌నీ ఎక్కే దేశాన్నీ బట్టి. ముగ్గురి గదిలో మొదటి ఇద్దరిలో ఒకరు తప్పుకుంటే, తక్కువ కట్టిన మూడో మనిషి రెండో స్థానంలోకి వచ్చి పూర్తి ఛార్జీ కట్టాలి. పేరు మార్పు మామూలుగా చివరి చెల్లింపు గడువు లోపల కుదురుతుంది, గదిలో కనీసం ఒక పాత పేరు మిగలాలి. కాబట్టి వస్తారో రారో తెలియనివాళ్ళని ఇద్దరి గదిలో వేయం, ముగ్గురి గదిలో మూడో పేరుగా వేస్తాం.

పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లు పోకుండా ఇవ్వండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మన వైపు బోలెడు. అవి ముందే చూపించండి. తాతపేరే మనవడికి పెట్టిన ఇళ్ళలో ఇద్దరు వెంకటేశ్‌లుంటారు, పుట్టినతేదీ పక్కనే రాయండి. సింగపూర్‌లో ఎక్కి సింగపూర్‌లోనే దిగినా మధ్యలో దేశం దాటి వెళ్ళినట్టే. వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. పాస్‌పోర్టుకి ఇంకా 6 నెలల గడువు ఉండాలి.

ప్రతి క్యాబిన్‌కీ ఒక బుకింగ్ నంబరు. ఐదింటినీ కలిపి లింక్ చేస్తేనే భోజనం ఒకే వేళకి, పక్కపక్క టేబుళ్ళ మీద దొరుకుతుంది. ఉల్లి, వెల్లుల్లి తినని అవ్వకి జైన్ భోజనమని ఆమె పేరు మీదే రాయించాలి, కుటుంబం మొత్తానికి ఒకసారి చెప్తే చాలదు. ఎలక్ట్రిక్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె తీసుకెళ్తే తనిఖీలో పట్టుకుని, దిగే రోజు తిరిగిస్తారు. ఇంట్లో పెట్టిన ఆవకాయ చాలా లైన్లు రానివ్వవు, సీలు వేసిన ప్యాకెట్లకి ఇబ్బంది ఉండదు. క్యాబిన్‌లో దీపారాధన, అగరబత్తి, కర్పూరం ఏదీ కుదరదు, పొగ సెన్సర్లున్నాయి. బ్యాటరీ దీపంతో సరిపెట్టుకోమని అవ్వకి బయలుదేరే ముందే నచ్చజెప్పండి. క్యాబిన్ గోడలు ఎక్కువగా ఇనుమువే కాబట్టి బాలాజీ మ్యాగ్నెట్ తలుపుకి అంటిస్తే పెద్దవాళ్ళు తమ గది ఇట్టే గుర్తుపడతారు. నడిసముద్రంలో సెల్‌కి మామూలు సిగ్నల్ ఉండదు. క్యాబిన్ నుంచి క్యాబిన్‌కి ఫోన్ మాత్రం ఉచితం. అందరి గది నంబర్లూ పెద్ద అక్షరాల్లో అచ్చువేసిన కాగితం తలా ఒకటి ఇస్తాం.

డబ్బు ఎవరు కడతారో కూడా చార్ట్‌లోనే రాయండి. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను, ఎవరి పాన్ మీద కడితే వాళ్ళ పన్ను ఖాతాలోనే కనిపిస్తుంది. పెద్దన్న ఒక్కడే అందరికీ కడితే తమ్ముళ్ళు తమ రిటర్న్‌లో అడిగేదేం ఉండదు.

చార్ట్ చేసినందుకు క్యాబిన్‌కి 500 రూపాయలు తీసుకుంటాం, బుక్ చేస్తే బిల్లులో తగ్గిస్తాం. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల జిరాక్స్, మందులూ మోకాళ్ళ సంగతులూ రాసిన కాగితం తెస్తే మూడు రోజుల్లో క్యాబిన్ నంబర్లతో కొటేషన్ ఇస్తాం. ఆ నంబర్లు లైన్ హోల్డ్ పెట్టినంతసేపే మీవి. గడువు దాటితే వదిలేస్తుంది, మళ్ళీ అవే దొరుకుతాయని మేం మాటివ్వలేం.