రేకుల హాలు కోసం: సంఘ సభ్యులకు, మిత్రులకు విరాళాల విజ్ఞప్తి

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

చర్చి వెనుక ఉన్న రేకుల హాలు గురించి ఈ ఉత్తరం. 2023 డిసెంబరు 4 రాత్రి మిచౌంగ్ తుపాను గాలికి ఇళ్లు నిలుస్తాయో లేదోనన్న భయంతో పల్లెలోని కుటుంబాలు పిల్లలతో, మేకపిల్లలతో, రేషన్ కార్డులు చుట్టిన ప్లాస్టిక్ సంచులతో ఆ హాల్లోకి వచ్చాయి. వచ్చినవారిలో సగం మంది మన సంఘం వారు కారు. స్త్రీల సమాజం వారు ఆ రాత్రి పొయ్యి ఆర్పలేదు. మర్నాడు మధ్యాహ్నం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే వేళకు తూర్పు వైపు రేకులు లేచిపోయాయి. దేవుని దయవల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు. రేకులు పోయిన చోట టార్పాలిన్ కప్పాం, నెల రోజుల మాటే కదా అనుకున్నాం. ఇప్పటికీ అదే ఉంది. వాన పడిన ఆదివారం సండే స్కూలు పిల్లలు పడమటి గోడ వైపు జరిగి, ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వాక్యం కంఠస్థం చేస్తున్నారు.

ఆ హాలు పడగొట్టి స్లాబుతో కట్టాలని కమిటీ తీర్మానించింది. ఎంత కావాలో, ఎందుకు కావాలో, ఎలా ఇవ్వవచ్చో కింద రాస్తున్నాం. ఉత్తరం కాస్త పొడవైనదే. డబ్బు అడిగేటప్పుడు అన్నీ చెప్పి అడగడం మర్యాద.

ఈ తీర్మానం తేలికగా కాలేదు. చర్చి ముందు గంట గోపురం కట్టాలనీ, రోడ్డు మీద వెళ్లేవారికి సిలువ దూరం నుంచే కనబడాలనీ పెద్దల్లో కొందరు గట్టిగా కోరారు. వారి భక్తిలో లోపం లేదు. తాతలు కూలి డబ్బులతో కట్టుకున్న మందిరం చుట్టుపక్కల ఊళ్ల మందిరాల ముందు చిన్నబోతున్నదని వారి బాధ. మూడు సమావేశాలు జరిగాయి. మూడో సమావేశంలో ఆ పెద్దల్లోనే ఒకరు లేచి, "గోపురం కింద ఎవరూ తలదాచుకోరు, హాలే కట్టండి" అన్నారు. అక్కడితో ఆ వాదన ముగిసింది.

ఆ హాల్లో ఏం జరుగుతుందో దూరప్రాంతాల్లో ఉన్నవారి కోసం రాయాలి. సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు చెబుతాం. శుక్రవారం స్త్రీల ప్రార్థన. పెళ్లి భోజనాలు, ఆదరణ కూడికలు అక్కడే. ఇవి ఏ చర్చిలోనైనా ఉంటాయి. మంగళవారం సాయంత్రం జరిగేది మాత్రం చాలా చోట్ల ఉండదు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు అర్జీలు రాసిపెడతారు. ఇద్దరు న్యాయవాదులు రుసుము తీసుకోకుండా వచ్చి కూర్చుంటారు. పొగాకు గ్రేడింగుకు వెళ్లే స్త్రీల కూలి బకాయిలు, గల్ఫ్‌లో ఇంటి పనికి వెళ్లి పాస్‌పోర్టు యజమాని చేతిలో చిక్కుకున్న కూతుళ్ల సంగతి, పింఛను ఆగిన వృద్ధుల గోడు, అన్నీ ఆ బల్ల ముందుకు వస్తాయి.

ఒక్క సంగతి వివరంగా చెబుతాం. మన పల్లె యువకుడు ఒకరు సెప్టిక్ ట్యాంకులోకి దిగి ఊపిరాడక చనిపోయాడు. పనికి దింపిన గుత్తేదారు దినం కాకముందే రెండు లక్షలు తెచ్చి, కాగితం మీద వేలిముద్ర వేయమని అతని భార్యను అడిగాడు. ఆమె ఆ కాగితాన్ని మంగళవారం హాలుకు తెచ్చింది. మనిషిని అలా లోపలికి దించడమే 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరమనీ, మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచిందనీ మన న్యాయవాదులు చదివి వినిపించారు. ఆమె వేలిముద్ర వేయలేదు. కేసు నడుస్తోంది. ప్రతి వాయిదాకు ఆమెతో పాటు స్త్రీల సమాజం నుంచి ఇద్దరు వెళుతున్నారు. బస్సు చార్జీ సంఘం ఇస్తోంది. ఆ చార్జీ "సువార్త సేవ" పద్దులో వేయాలా, "ఇతర ఖర్చులు" పద్దులో వేయాలా అని కోశాధికారి అడిగారు. సువార్త సేవ కిందే రాయమన్నాం.

కాలం బాగాలేదని మీకు వేరే చెప్పనక్కరలేదు. సేవ అనే మాటకే అనుమానం అంటుకున్న రోజులివి. బియ్యం ఇస్తే మతం మార్చడానికే అంటారు, ట్యూషన్ చెబితే ఎర వేస్తున్నారంటారు. అందుకే మా పద్ధతి రాసి గోడకు పెట్టాం. మంగళవారం కూడికను ప్రార్థనతో మొదలుపెడతాం. ప్రార్థనలో కూర్చోవడం ఇష్టం లేనివారు అరుగు మీద ఉండి తరువాత రావచ్చు. వారి అర్జీ కూడా అదే వరుసలో రాస్తాం. సరుకులు ఇచ్చే జాబితాలో మతం అనే గడి ఉండదు.

ఇది మేము కొత్తగా కనిపెట్టిన నియమం కాదు. ఒంగోలు నేల మీద దీనికి నూట నలభై ఏళ్లు దాటిన సాక్ష్యం ఉంది. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో మాడుతున్నవారికి పని చూపించి కూలి ఇచ్చారు. కరువు సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపివేశారు. గింజల కోసం వచ్చారన్న మాట ఎవరూ అనకూడదని ఆయన పట్టుదల. సాయం ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం వార్షికోత్సవాల్లో గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు ఆయన ఆగిన ఆ నెలల గురించి కూడా అంతే గర్వంగా చెప్పుకోవాలి. ఆ కాలువలో తట్టలు మోసినవారు మనకు ముత్తాతలు.

మరో సంగతి చెప్పుకోవడం కష్టం. 1985 జూలైలో కారంచేడులో, మాదిగపల్లె వారు తాగే చెరువు నీళ్లను పాడు చేయవద్దని అడ్డుపడిన స్త్రీ పేరు సువార్త. మర్నాడు, జూలై 17న, పల్లె మీద ఊరి పెత్తందారీ కులం వారు దాడి చేశారు. ఆరుగురు హతులయ్యారు. బతికినవారు చీరాలకు చేరి శిబిరంలో తలదాచుకున్నారు. అప్పుడు మన సంఘంలో కొందరు బియ్యం బస్తాలు మోసుకుని చీరాల వెళ్లారు. మరికొందరు చర్చికి రాజకీయాలు తగవని ఇంట్లోనే ఉండిపోయారు. ఆ రెండు పక్షాల వారి పిల్లలమూ ఇప్పుడు ఒకే కమిటీలో కూర్చుంటున్నాం. అందుకే కొత్త హాలు పథకంలో మంచినీటి కుళాయిలను కాంపౌండు గోడకు బయటి వైపు, వీధిలోకి పెట్టించాలని నిర్ణయించాం. ఎవరైనా, ఏ వేళలోనైనా బిందె పెట్టుకోవచ్చు. గేటు తాళం తీయమని ఎవరినీ అడగనక్కరలేదు.

చట్టం ముందు మనవారి పరిస్థితి అందరికీ అర్థం కావాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట ప్రధానంగా హిందువులకే ఉండేది. 1956లో సిక్కు దళితులను, 1990లో బౌద్ధ దళితులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే మిగిలారు. ఆ పేరా తీసివేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. 2022లో ఇదే విషయం మీద జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2025 ఏప్రిల్ 30న మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం స్వీకరించిన వ్యక్తి అట్రాసిటీ చట్టం కింద రక్షణ కోరలేడని తీర్పు చెప్పింది. బాప్తిస్మం తీసుకున్నాడని ఊరు ఎవరి కులాన్నీ మరచిపోదు. కాగితం మాత్రం మరచిపోతుంది. ఈ నలుగుబాటులో మన పిల్లలు సర్టిఫికెట్‌లో ఒక పేరుతో, సంఘం రిజిస్టరులో మరో పేరుతో పెరుగుతున్నారు. వారిని తప్పుపట్టే ప్రసంగాలు మన వేదిక మీద ఇక ఉండవు. ఉద్యోగం, చదువు, రక్షణ ఒక పక్కా ఆరాధన మరో పక్కా పెట్టి తేల్చుకోమన్న ఏర్పాటుదే ఆ తప్పు.

సంఘం బయటి అన్యాయం గురించే మాట్లాడి ఊరుకుంటే అది నిజాయితీ అనిపించుకోదు. 2024 ఆగస్టు 1న, ఎస్సీ కోటాను ఉపకులాల వారీగా పంచే వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మన మందిరంలోనూ మాటలు తగ్గాయి. మాల కుటుంబాలు ఒక వైపు, మాదిగ కుటుంబాలు ఒక వైపు కూర్చోవడం మొదలైంది. రెండు ఆదివారాలు అలా గడిచాయి. మూడో ఆదివారం సంఘకాపరి ప్రసంగం చేయలేదు. ప్రభువు బల్లను మందిరం మధ్యకు జరిపించి, తమ పక్కన కూర్చున్నవారికి కాకుండా, ఎదుటి వైపు వారికి రొట్టె అందించాలని చెప్పారు. కొందరు లేచి వెళ్లిపోయారు. వారిలో చాలామంది తిరిగి వచ్చారు, రావలసినవారు ఇంకా ఉన్నారు. కలిసి ఉండటానికి అభిప్రాయం ఒకటే కానవసరం లేదని నేర్చుకుంటున్నాం. వర్గీకరణ మీద ఆ హాల్లోనే రెండు వైపుల వాదనలూ నాలుగు వారాలు విన్నాం. ఎవరూ కుర్చీ ఎత్తలేదు.

ఆరాధనలో డప్పు వచ్చింది కూడా ఆ తరువాతే. హార్మోనియం, తాళాలతో కీర్తనలు పాడటం మనకు అలవాటు. డప్పు అంటే మాత్రం వెట్టి, చావు, అవమానం గుర్తొస్తాయని ముసలివారు బాధపడ్డారు. ఆ బాధ నిజమైనది. వారి తండ్రుల చేత డప్పు కొట్టించుకున్నవారు కూలి ఇవ్వలేదు. అయినా పోయిన ఈస్టరు తెల్లవారుజామున యువకులు సమాధుల తోట నుంచి మందిరం దాకా డప్పు కొడుతూ వచ్చినప్పుడు, వద్దన్న తాతల్లో ఒకరు చెప్పులు విడిచి ముందు నడిచారు. దాని గురించి ఇంకేమీ రాయలేం, చూసినవారికి తెలుసు.

స్త్రీల సంగతి క్లుప్తంగా. 2013లో నంద్యాలలో ఎగ్గోని పుష్పలలిత గారు దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ అయ్యారు. మన కమిటీలో సగం స్థానాలు స్త్రీలకు ఇవ్వాలన్న నియమం ఇప్పుడు అమలులో ఉంది. కొత్త హాలుకు మరుగుదొడ్లు ముందు కట్టి, వేదిక తరువాత కట్టాలని పట్టుబట్టింది వారే. ఇన్నేళ్లు ఆ మాట మగవారికి తట్టలేదు.

ఇక డబ్బు. హాలు, మరుగుదొడ్లు, చక్రాల కుర్చీ వెళ్లే వాలు దారి, బోరు, కుళాయిలు కలిపి ఇంజనీరు వేసిన అంచనా 19 లక్షల 20 వేల రూపాయలు. కానుకలు, పిడికెడు బియ్యం వేలాలు కలిపి ఇప్పటికి 4 లక్షల 35 వేలు ఉన్నాయి. ఇంకా 14 లక్షల 85 వేలు కావాలి. మన సంఘంలోని తాపీ మేస్త్రీలు కూలి లేకుండా కడతామని ముందుకు వచ్చారు. వారి మనసుకు చేతులెత్తి మొక్కుతున్నాం, కానీ కమిటీ ఒప్పుకోలేదు. రోజు కూలి మీద ఇల్లు నడిపేవారి చేత ఊరికే పని చేయించి, అదే హాల్లో కూర్చుని కూలి హక్కుల గురించి మాట్లాడలేం. పూర్తి కూలి ఇస్తాం. అందులోంచి వారు కానుక ఇస్తే అది వారి ఇష్టం.

కొన్ని విరాళాలు తీసుకోలేం. మనకు విదేశీ విరాళాల నమోదు లేదు. అమెరికాలోనో, కువైట్‌లోనో ఉన్నా భారత పాస్‌పోర్టు కలవారు తమ సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపవచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారి నుంచి, ఓసీఐ కార్డు ఉన్నా, తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. దయచేసి బంధువుల పేరు మీద పంపే ప్రయత్నం కూడా చేయవద్దు. ఆదాయపు పన్ను మినహాయింపు పత్రం ఇవ్వలేము. ఎన్నికల్లో నిలబడేవారి నుంచి ఏ రూపంలోనూ తీసుకోము. పెద్ద మొత్తం ఇచ్చినవారి పేర్లతో శిలాఫలకం ఉండదు.

ఇచ్చినవారికి రసీదు ఇస్తాం. ప్రతి నెల చివరి ఆదివారం జమాఖర్చులు చదివి వినిపించి, నోటీసు బోర్డు మీద పెడతాం. అయితే చర్చి రసీదు మీద తమ పేరు ఉండటం వల్ల ఉద్యోగానికో, పిల్లల సర్టిఫికెట్‌కో ఇబ్బంది వస్తుందని భయపడేవారు మనలో ఉన్నారు. ఎవరని అడగము. మందిరం గుమ్మం దగ్గరి కానుకల పెట్టెలో వేయండి. ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పురుషులు కలిసి లెక్కపెట్టి, పేరు లేని కానుకగా రాస్తారు.

డబ్బు ఇవ్వలేనివారు పిడికెడు బియ్యం ఇవ్వండి. అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు పక్కన తీసి పెట్టే అలవాటు మన అమ్మమ్మలది, ఇప్పుడు కొన్ని ఇళ్లలోనే మిగిలింది. గ్రేడింగు పనికి వెళ్లే ఒక అవ్వ ప్రతి ఆదివారం పాత హార్లిక్స్ సీసా నిండా తెచ్చి బల్ల మీద పెడుతుంది. ఆరాధన తరువాత ఆ బియ్యం వేలం వేస్తాం. పట్టణాల్లో ఉన్నవారు వచ్చినప్పుడు వేలంలో ఒక పాట పాడి కొనుక్కోండి. మీరు కొన్న బియ్యం ఇంటికి తీసుకెళ్లి వండుకోండి, తిరిగి ఇచ్చేయకండి. అవ్వకు అది నచ్చదు.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన అయిన వెంటనే పాత రేకులు దించుతాం. అవి సిమెంటు రేకులు, పగిలితే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. అందుకని ఆ పని తెలిసిన మేస్త్రీలే దించుతారు. పిల్లలను దూరంగా ఉంచండి. మిగిలినవారు లోపలి బెంచీలు, బీరువా, హార్మోనియం మందిరంలోకి మోయడానికి మధ్యాహ్నం దాకా ఉండగలిగితే చాలు. భోజనం అక్కడే.

ఇట్లు,
సంఘ కమిటీ తరఫున
అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి