కార్డులో ఒక్క గడి కావాలి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నాకు పద్నాలుగో ఏట నుంచి ఫిట్స్. పూటకో మాత్ర మానకుండా వేసుకుంటే ఏళ్ల తరబడి రావు. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం ఏడో నెలలో వచ్చింది. యూరిన్ ఇన్ఫెక్షన్ తెచ్చిపెట్టిన తంటా అది.

రెండు రోజులు మంట, చలిజ్వరం, ఆగని వాంతులు. నా ఫిట్స్ మాత్ర లెవెటిరాసెటామ్ వేసుకున్న పది నిమిషాలకే కక్కేశాను. మా ఆయన మెడికల్ షాపుకెళ్లి ‘యూరిన్ మంటకి’ అంటే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ షీటు ఇచ్చారు. ఎవరికని వాళ్లు అడగలేదు, ఈయన చెప్పలేదు. మర్నాడు వంటింట్లో పడిపోయాను. మా అత్తయ్య నా చేతిలో తాళాల గుత్తి పెట్టి గట్టిగా మూశారట. ఆవిడనేమీ అనను. పక్కకు తిప్పి పడుకోబెట్టాలని ఆవిడకు ఎవరు చెప్పారు గనక!

ఆసుపత్రిలో గుర్రపువాతం (గర్భిణులకు బీపీ పెరిగి వచ్చే ఫిట్స్) అనుకున్నారు. అదీ తప్పు కాదు. నెలలు నిండుతున్న మనిషికి ఫిట్స్ వస్తే ముందు దాన్నే అనుమానించాలి, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. కానీ నా బీపీ మామూలుగానే ఉంది. తల్లీబిడ్డల కార్డు తిరగేస్తే ఎర్ర పెన్నుతో ‘ఫిట్స్’ అన్న ఒక్క ముక్క. ఏ మందో, ఎంత డోసో లేదు. మా ఆయన ఇంటికి పరుగెత్తి మాత్రల షీటు తెచ్చేదాకా అందరికీ టెన్షనే.

తర్వాత న్యూరాలజిస్టు గారు విడమరిచి చెప్పారు. జ్వరం ఒక్కటే ఉన్నా అది ఫిట్స్‌ను రేపగలదు. వాంతిలో మాత్ర పోతే అది రెండో దెబ్బ. పైగా గర్భంలో లెవెటిరాసెటామ్, లామోట్రిజిన్ లాంటి మందులు రక్తంలో వాటంతటవే తగ్గిపోతాయి, డోసు పెంచాల్సి రావచ్చు. వీటన్నిటి మీద సిప్రోఫ్లాక్సాసిన్ ఒకటి, అది కూడా ఫిట్స్‌కు దారి తీయగలదు. అలాంటి చిక్కులు ఇంకా ఉన్నాయి. వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు మీదున్న మనిషికి మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఎక్కిస్తే ఒకట్రెండు రోజుల్లోనే రక్తంలో వాల్‌ప్రోయేట్ పడిపోతుంది. కార్బమజెపైన్ అనే మరో ఫిట్స్ మందు వాడేవాళ్లకు క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే తలతిప్పు, ఒకటి రెండుగా కనిపించడం. అలాగని యాంటీబయాటిక్‌కే భయపడితే ఇన్ఫెక్షన్ కిడ్నీలకెక్కుతుంది, నెలలు నిండకుండానే కాన్పు రావచ్చు. కావాల్సిందల్లా సరైనది ఎంచడం. అలా ఎంచాలంటే ఆమె ఏ మందు మీద ఉందో ముందుగా తెలియాలి కదా.

తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థ 1998 నుంచి మూర్ఛ ఉన్న గర్భిణుల కోసం రిజిస్ట్రీ (వివరాల నమోదు) నడుపుతోంది. నేను అంత పెద్దది అడగట్లేదు. తల్లీబిడ్డల కార్డులో ఒక్క గడి వేయించండి: ఫిట్స్ మందు పేరు, డోసు, ఇవ్వకూడని యాంటీబయాటిక్స్, జ్వరమొస్తే ఫోన్ చేయాల్సిన నంబరు. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు చెకప్‌లు జరుగుతున్నాయి, డాక్టరు గారు ఆ రోజే నింపేయొచ్చు. మంట లేకపోయినా గర్భిణుల మూత్రంలో ఇన్ఫెక్షన్ దాగి ఉండొచ్చు కాబట్టి ఫిట్స్ ఉన్నవాళ్లకు యూరిన్ కల్చర్ కూడా అప్పుడే చేయించండి.

ఇంకోమాట. ‘కడుపుతో ఉన్నావు, ఆ మాత్రలు ఆపేయమ్మా’ అని నాకు చెప్పినవాళ్లలో తెల్లకోటు వేసుకున్నవాళ్లూ ఉన్నారు. వాల్‌ప్రోయేట్ బిడ్డకు చేటు చేస్తుందన్న మాట నిజమే, దాన్ని మార్చాలంటే గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. ఉన్నపళంగా ఆపేస్తే ఇద్దరికీ ముప్పు. ఈ సంగతి ఆశా కార్యకర్తల ట్రైనింగులో చేర్చండి.

బాబుకిప్పుడు మూడేళ్లు, బాగున్నాడు. మళ్లీ నాకు నాలుగో నెల. వచ్చే 9న చెకప్‌కి వెళ్తున్నాను. ఆ గడి లేని కార్డే నా చేతిలో ఉంది, అట్ట మీద నేనే పెన్నుతో గీసుకున్నాను.

ఇట్లు,
ఒక తల్లి