ఉన్న రోడ్డుకు బోర్డు చాలు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో స్కాట్లాండు పల్లెల్లో సైకిలు యాత్ర మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. అయితే అలాంటి ప్రయాణానికి మన రాయలసీమ పనికిరాదన్నట్టు చివర్లో తేల్చేయడం నాకు రుచించలేదు. నేను ఆర్టీసీ డ్రైవరుగా రిటైరైనవాణ్ణి. నా సర్వీసులో ఎక్కువ భాగం గుత్తి–పత్తికొండ రోడ్డు మీదే గడిచింది. మా అమ్మాయి పురుడుకు ఎడిన్‌బరో పోయినప్పుడు అల్లుడి సైకిలు తీసుకుని ఆ వ్యాసంలోని ఊళ్ళు కొన్ని నేనూ తిరిగాను. ఆ వ్యాసం రాసినాయన పచ్చదనం చూశాడు, నేను రోడ్డు చూశాను.

ఎడిన్‌బరోలో రైలెక్కితే ట్వీడ్‌బ్యాంక్ దాకా పోతుంది. 1969లో మూసేసిన లైనును అక్కడిదాకా 2015లో మళ్ళీ తెరిచారు. సైకిలుకు టికెట్టు లేదు, పెట్టెలో దానికో చోటుంటుంది. దిగితే దగ్గర్లోనే మెల్‌రోజ్. అక్కణ్ణుంచి డ్రైబరో, కెల్సో, జెడ్‌బరో చుట్టుకుని వస్తే 55 మైళ్ళు, అంటే 88 కిలోమీటర్లు. ఒక్కో చోట 12వ శతాబ్దపు మఠం ఒకటి పాడుబడి ఉంటుంది. మఠాల సంగతి మీ వ్యాసంలోనే వచ్చింది కాబట్టి వదిలేస్తున్నా.

భూమి అంతా మిట్టా పల్లమే. ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. బార్లీ చేలు, సున్నం సిమెంటు లేకుండా పేర్చిన రాతిగోడలు, వీపున రంగు గుర్తులేసిన గొర్రెలు. చాలాచోట్ల రోడ్డు ఒక్క కారు పట్టేంతే. మరి ఎదురుగా ట్రాక్టరొస్తే? అందుకే ఉండుండి రోడ్డు పక్కన కాస్త వెడల్పు చేసి, తెల్లబోర్డు పాతారు. ఆ చోటు మనకు ఎడమ పక్కనుంటే అందులోకి తప్పుకోవాలి. కుడి పక్కనుంటే దానికెదురుగా మన దారిలోనే ఆగి ఎదుటి బండిని అందులోకి పోనివ్వాలి. పొయ్యేవాడు స్టీరింగు మీంచి ఒక వేలెత్తి పలకరించి పోతాడు. హారన్ మోత నాకు వినపడలేదు.

ఇంకొకటి చెప్పాలి. మంద బయటికి పోకుండా రోడ్డుకడ్డంగా గుంత తీసి, దాని మీద సందులు వదిలి ఇనుప పైపులు పరుస్తారు. గిట్ట జారుతుందని గొర్రె దాటదు, బండి చక్రం దాటిపోతుంది. సైకిలు మీద దాన్ని నేరుగా, వేగం తగ్గకుండా దాటాలి. వాన తడి ఉన్నప్పుడు మధ్యలో బ్రేకు పట్టినా, హ్యాండిలు తిప్పినా పళ్ళు రాలతాయి. గేటు తీసి వేసే బాధ మనిషికి లేదు, కాపలా బాధ కాపరికి లేదు. ఇంత చిన్న పనిలో ఇంత తెలివి చూసి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

అక్కడ అంతా స్వర్గమేమీ కాదు. పడమటి గాలి ఎదురైతే కాళ్ళు పీకుతాయి. వాన చెప్పి రాదు. మెయిన్ రోడ్డెక్కితే లారీలు అక్కడా మీదికొచ్చినట్టే ఉంటాయి. అయినా నాలాంటి ముసలాడు దారి తప్పకుండా తిరగగలిగాడంటే కారణం ఒక్కటే. ప్రతి కూడలిలో చిన్న నీలం బోర్డు, దాని మీద ఎర్రటి ముక్కలో రూటు నంబరు. మెల్‌రోజ్ నుంచి కెల్సోకు నేను పోయింది ఒకటో నంబరు. సైకిలు కోసం అక్కడేదో వేరే రోడ్డు వేశారనుకుంటారు మనవాళ్ళు. చాలా మటుకు వెయ్యలేదు. రైతుల ట్రాక్టర్లు తిరిగే చిన్న రోడ్లనే ఏరి, కలిపి, నంబరిచ్చారు. 2023లో పడమటి తీరాన స్ట్రాన్‌రార్ నుంచి తూర్పున ఐమత్ దాకా 250 మైళ్ళ దారి ఒకటి తెరిచినప్పుడూ ఎక్కువగా అలాంటి రోడ్లనే వాడుకున్నారు. దానికి కిర్క్‌పాట్రిక్ మాక్‌మిలన్ అనే కమ్మరి పేరు పెట్టుకున్నారు. 1839 ప్రాంతంలో తొక్కే సైకిలు చేసింది తమ కమ్మరేనని వాళ్ళ నమ్మకం, చరిత్రకారులు అందరూ ఒప్పుకోకపోయినా.

ఇప్పుడు మన వైపు చూడండి. గుత్తి స్టేషన్లో దిగి కోట చూసుకుని పత్తికొండ దారి పట్టితే 13 కిలోమీటర్ల దూరంలో ఎర్రగుడి. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలు బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. ఒక శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, తర్వాతది కుడి నుంచి ఎడమకు, మడక సాలు తిప్పుకొచ్చినట్టు చెక్కారు. అవి దాటితే జొన్నగిరి, తుగ్గలి. తొలకరి వాన పడగానే వజ్రాలు ఏరడానికి ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి చేలల్లో దిగేది ఇక్కడే. (విత్తనం వేసుకున్న రైతు ఒద్దంటే మాత్రం గెనిమ (చేని గట్టు) దిగకూడదు.) ఎర్రనేల, నల్లనేల మారుతూ బుడ్డలు (వేరుశనగ), ఆముదాలు, పత్తి, టమాటా. ఇక్కడా మిట్టా పల్లమే. చివర పత్తికొండ. గ్లాస్గోలో పుట్టిన మన్రో దొర 1827 జులై 6న కలరాతో కన్నుమూసింది మా ఊళ్ళోనే. 1800 నుంచి ఏడేళ్ళు దత్తమండలాలకు, అంటే అప్పటి మన సీమ ప్రాంతానికి, కలెక్టరుగా గుడారాల్లో ఉంటూ ఈ పల్లెలన్నీ తిరిగినవాడాయన. స్కాట్లాండు నుంచి వచ్చినాయనకు పనికొచ్చిన దారులు మనకు పనికిరావా?

లోపాలు నాకు తెలుసు. లోపలి ఊళ్ళకు చీలే కూడళ్ళలో నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు కనిపిస్తాయి, ఊరి పేరు బోర్డు వాటి వెనకెక్కడో ఉంటుంది. కొత్తవాడు అడక్కుండా ఒక్క మలుపు తిరగలేడు. రెండోది కంపచెట్లు. మార్జిన్ల మీద పెరిగి తారు మీదికే వాలుతున్నాయి. బస్సు అద్దాలకు గీసుకోవడం నా కాలం నుంచీ ఉంది. సైకిలుకైతే ఇంకా కష్టం. రాలిన ముల్లు దుమ్ములో కనపడదు, టైరు దిగి ట్యూబులో విరుగుతుంది. ఒక పంచర్ వేసి గాలి కొట్టుకునేలోపు పక్కనే ఇంకోటి బుస్సుమంటుంది. 1888లో గాలి టైరుకు పేటెంటు తీసుకున్న డన్‌లప్ కూడా స్కాట్లాండులో పుట్టినవాడే, పశువుల డాక్టరు. ఆయన మా కంపముల్లు చూసి ఉంటే ఏం చేసేవాడో! ఈ ముళ్ళ దెబ్బ ముందు తగిలేది టూరిస్టులకు కాదు, సైకిళ్ళ మీద హైస్కూలుకు పొయ్యే పిల్లలకు.

నీడ సంగతి మరీ విడ్డూరం. అశోకుడు రోడ్డుకిరువైపులా చెట్లు నాటించెనని చిన్నప్పుడు అందరం బట్టీ పట్టాం. మనుషులకూ పశువులకూ పనికొచ్చేట్టు దారుల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించానని ఆయన చెప్పుకున్న రెండో శాసనం ఎర్రగుడి బండ మీదా ఉంది. ఆ బండ చూసి బయటికొచ్చి నిలబడదామంటే రోడ్డు పక్కన కంప తప్ప ఇంకో నీడ దొరకడం కష్టం.

లక్షలు పోసి టౌన్లలో రంగు టైల్సు పరిచి సైకిలు ట్రాక్ అనడం, తెల్లారేసరికి దాని మీద టిఫిను బండ్లు, పార్కింగూ. అలాంటివి మాకొద్దు. కర్నూలు, అనంతపురం జిల్లాల కలెక్టర్లిద్దరూ ఒక మాట అనుకుంటే ఈ దారికి ఒక నంబరు పెట్టి, గుత్తి నుంచి పత్తికొండ దాకా ప్రతి చీలిక దగ్గరా తెలుగులో ఊరి పేరు, దూరం, బాణం గుర్తు ఉన్న చిన్న బోర్డు నాటించొచ్చు. పంచాయతీలు ఏడాదికోసారి మార్జిన్లలో కంప కొట్టించి, బస్ షెల్టర్ల దగ్గరన్నా వేప, కానుగ మొక్కలు పెట్టాలి. నా డ్యూటీ రోజుల్లో పల్లెవెలుగు టాపు మీద టమాటా గంపల పక్కన సైకిళ్ళూ ఎక్కేవి, ఆ వీలు మళ్ళీ కల్పిస్తే ఎండకు ఓడినవాడు బస్సెక్కి ఇంటికి చేరతాడు.

ఏ చీలిక దగ్గర ఏ ఊరి బోర్డు కావాలో నేను నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. సంబంధిత అధికారులు రమ్మంటే నా సైకిలు మీదే వచ్చి చూపిస్తాను. మార్చి దాటితే మా ఎండలో పగటి పూట తొక్కడం ఎవరి వల్లా కాదు కాబట్టి, ఆ బోర్డులేవో దసరాలోపు పడితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు,
పత్తికొండ, కర్నూలు జిల్లా.